బుచ్చక్క వేయని ఓటు

పదమూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడానికి పెద్ద బలమేమీ అక్కర్లేదు, అలవాటు పడితే చాలు. పొద్దున్నే లేచి, వంట చేసి, బడికి వెళ్ళి, పిల్లలకు లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడే మనిషికి దాన్ని తలుచుకునే తీరిక కూడా ఉండదు. తీరిక దొరికిన రోజున మాత్రం అది నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు అలసిపోయాను. అందుకే రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. పేరు చెప్పను. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఇది ఎప్పుడో తేలిపోయి ఉండేది. జరిగింది మాత్రం దాచకుండా చెప్తాను. నన్ను ఓదార్చకండి, వింటే చాలు.

మాది సిరోంచ. ప్రాణహిత దాటితే తెలంగాణ, దాటకపోతే మహారాష్ట్ర. మా ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, బడిలో మరాఠీ. మా అబ్బాజాన్ గాజులు అమ్మేవాడు. చిన్న దుకాణం ఉండేది గానీ, వడ్లు ఇంటికొచ్చే రోజుల్లో దుకాణం మూసి, గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. బడి లేని రోజుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. పన్నెండేళ్ళకే నాకు గాజులు తొడగడం వచ్చేసింది. అందులో ఒక ఒడుపు ఉంది. వేళ్ళన్నీ దగ్గరికి చేర్చి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మెత్తగా నొక్కి పట్టుకుంటే ఎంత మొరటు చేయి అయినా చిన్నదైపోతుంది. గాజు జారుతుంది. అవతలి మనిషికి నొప్పి తెలియదు.

అట్లా ఎన్ని చేతులు పట్టుకున్నానో. నాట్లేసిన చేతులు, మిరపకాయలు ఏరిన చేతులు, నల్లజీడి గింజలు తెంపిన చేతులు. నల్లజీడి అంటే మీరు పాయసంలో వేసుకునే జీడిపప్పు కాదు. అడవిలో చలికాలం పండే నల్ల గింజ. దాన్ని అంటుకుని ఉండే పండు తియ్యగా ఉంటుంది, పిల్లలు తింటారు. గింజ రసం మాత్రం మహా చెడ్డది. తగిలినచోట చర్మం నల్లబడుతుంది, పొక్కులు లేస్తాయి, తర్వాత పొరలుగా ఊడుతుంది. చాకలివాళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టేది ఆ రసంతోనే. అలాంటి చేయి కనబడితే అబ్బాజాన్ ముందు కొబ్బరినూనె రాసి, తర్వాతే గాజు తొడిగేవాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ మరక ఏమిటో నాకు తెలియదని మీరు పొరపాటున కూడా అనుకోకూడదు.

నాకు టీచరు ఉద్యోగం ఏటపల్లి అవతల అడవి ఊళ్ళో వచ్చింది. మా ఆయన అల్లపల్లిలో కలప డిపోలో గుమాస్తా. మూడేళ్ళ పాప సిరోంచలో మా అమ్మ దగ్గర. ఒక సంసారం, మూడు ఊళ్ళు. బస్సు వచ్చిందంటే వచ్చినట్టు, లేదంటే లేనట్టు. నెలకోసారి ఇంటికి వెళ్తే పాప నన్ను చూసి మా అమ్మ కొంగు చాటుకు పోయేది. "ఎవరొచ్చిన్రో చూడు" అని మా అమ్మ నవ్వుతూ అడిగేది. బదిలీ కోసం నేను తిరగని ఆఫీసు లేదు, పెట్టుకోని దరఖాస్తు లేదు.

ఆ చలికాలం గ్రామపంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా దగ్గర లోపలి ఊళ్ళకు ఆడవాళ్ళను ఎన్నికల పనికి పంపడం తక్కువ. కానీ సిరోంచ తాలూకాలో ఒక బూత్‌కు తెలుగు వచ్చిన ఆడమనిషి ఎవరైనా దొరికితే బాగుండునని మీటింగులో అడిగారు. అందరూ కిందికి చూశారు. నేను చేయి ఎత్తాను. పక్కన కూర్చున్న టీచరు నా మోచేయి గిల్లింది. నలుగురిలో మాత్రం, ఎవరో ఒకరు వెళ్ళాలి కదా, ఇదీ ఒక సేవే కదా అన్నాను. సేవ! బదిలీ కాగితం మీద సంతకం పెట్టే చేతికి నా పేరు గుర్తుండాలని వెళ్ళాను, అంతే. నా కూతురి కోసమే కదా అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను. పాపను అడ్డం పెట్టుకోవడం కూడా ఒక తప్పేనేమో. ఈ లెక్క నాకు ఇంకా తేలలేదు.

మా బూత్ ఊరి బడిలోనే. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను మేం పెద్దసారు అని పిలిచేవాళ్ళం. ఎక్కడో దూరపు జిల్లా మనిషి, మరాఠీ తప్ప ఇంకో ముక్క రాదు. చెడ్డవాడేమీ కాదు. అతి జాగ్రత్త మనిషి. సామాను అప్పగించుకునే చోటే నాతో అన్నాడు, జాబితాలో ఒక్క వరుస తప్పినా రిపోర్టు రాయక తప్పదని, అది సర్వీసు పుస్తకంలో ఎక్కితే బదిలీలూ ప్రమోషన్లూ మర్చిపోవచ్చని. నన్ను బెదిరించాలని కాదు, అందరికీ చెప్పినట్టే చెప్పాడు. నాకు మాత్రం ఆఫీసుల్లో పెట్టుకున్న దరఖాస్తులన్నీ కళ్ళ ముందు కదిలాయి.

తెల్లారి మాలో ఒకాయనకు చలిజ్వరం పట్టుకుంది. బెంచీ మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. దాంతో ఇద్దరి పని నా ఒక్కదాని మీద పడింది. ఓటరు వస్తే జాబితాలో పేరు వెతకాలి, ఆ వరుస కింద ఎర్ర గీత గీయాలి, రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, ఎడమచేతి చూపుడువేలు చూడాలి, గోరు మీద సిరా పెట్టాలి. ఆ తర్వాత వాళ్ళు అట్టపెట్టె చాటుకు వెళ్ళి మీట నొక్కుతారు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా తల ఎత్తలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. చాయ్ చల్లారిపోయి మీద మీగడ కట్టింది. వరుస తరగలేదు.

ఆ వార్డు ఆడవాళ్ళకు కేటాయించింది. పోటీ ఇద్దరి మధ్య. ఒకామె సరోజ, ఊళ్ళో బుచ్చక్క అనే ఆమె కోడలు. రెండో ఆమె అదే బుచ్చక్కకు స్వయానా అన్న బిడ్డ. అంటే బుచ్చక్కకు ఇటు మెట్టినిల్లు, అటు పుట్టినిల్లు. ఆమె ఓటు ఎటు పడుతుందన్నది ఊరందరికీ ముచ్చట. మా ఎదుట బెంచీ మీద ఇద్దరు అభ్యర్థుల తరఫు ఏజెంట్లు కూర్చుని ఉన్నారు. పొద్దుటి నుంచీ వాళ్ళు ఒకరినొకరు దెప్పుకుంటూంటే నాకూ ఈ సంగతి తెలిసింది. కోడలి గెలుపు అత్త చేతిలోనే ఉందని ఒకడంటే, నెత్తురు ఎటు గుంజుతుందో చూద్దాం లే అని ఇంకొకడు అన్నాడు. సరోజ గేటు బయటే నిలబడి అత్త కోసం ఎదురుచూస్తోందని కూడా అప్పుడే విన్నాను.

ఒంటిగంట దాటాక బుచ్చక్క వచ్చింది. ఏభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర, జుట్టులో ఎండుటాకుల పొడి. అడవి నుంచి తిన్నగా వచ్చినట్టుంది. సరోజ తరఫు ఏజెంటు అన్నానికి వెళ్ళాడు. అన్న బిడ్డ తరఫు ఏజెంటు ఒక్కడే ఉన్నాడు.

"పేరేందవ్వా?"

"బుచ్చక్క బిడ్డా. గీ చీటీల ఉన్నది చూడు."

చీటీ మీద రెండువందల పద్నాలుగు అని ఉంది. జాబితాలో ఆ వరుస వెతికాను. దాని కింద అప్పటికే ఎర్ర గీత ఉంది.

దాని పైవరుస, రెండువందల పదమూడు, ఖాళీగా ఉంది.

ఎంతసేపు పట్టింది నాకు అర్థం కావడానికి? రెప్పపాటు కూడా పట్టలేదు. ఆ పైవరుస మనిషి పొద్దున్నే వచ్చి వెళ్ళింది. చంకలో పిల్లను ఎత్తుకుని వచ్చింది, ఆ పిల్ల నా ఎర్ర పెన్ను పట్టుకుని వదల్లేదు, బలవంతంగా లాక్కున్నాను. ఆ గుంజులాటలో గీత ఒక వరుస కిందికి పడింది. బుచ్చక్క ఓటు ఎవరూ వేయలేదు. నా పెన్ను వేసింది.

అప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు. శిక్షణలో చెప్పారు. పెద్దసారుకు చెప్పాలి. ఆయన నాలుగు ప్రశ్నలడిగి, ఆ మనిషేనని తేలితే, గీత దిద్ది ఓటు వేయనిస్తాడు. ఎందుకిట్లా అయిందో రిపోర్టు రాస్తాడు. మహా అయితే అరగంట పని. ఆ రిపోర్టులో నా పేరు ఉంటుంది. సర్వీసు పుస్తకం, ఏటపల్లి, కొంగు చాటుకు పోయే పాప. ఇవన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఆలోచించుకోవడానికి కాస్త సమయం చిక్కుతుందని మాత్రమే, ఒట్టేసి చెప్తున్నాను, అంతకు మించి ఏమీ లేదు, ఆమెను చేయి చూపించమన్నాను.

"ఎడమ చెయ్యి చూపియ్యవ్వా."

చాచింది. చూపుడువేలు గోరుతో సహా నల్లగా ఉంది. బొటనవేలూ నల్లగానే ఉంది. మధ్యవేలు పక్కనంతా పొక్కులు పగిలి పొర లేచింది. నా ముందున్న సీసాలో సిరా ఊదా రంగులో ఉంది. ఏ సిరా మూడు వేళ్ళకు అంటుకుంటుంది? ఏ సిరాకు పొక్కులు లేస్తాయి?

"రెండోసారి వచ్చినవా ఏందవ్వా?" అన్నాను.

ఆ మాట నేనే అన్నానా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఒకసారి నోటి నుంచి వచ్చాక దాన్ని పట్టుకుని నడవడం చాలా సులువుగా అనిపించింది.

"రెండోసారేంది బిడ్డా? పొద్దుగాల్లసంది అడివిలున్న. మా కోడలికి ఏద్దామని గిప్పుడే ఉరికొచ్చిన."

"మరి ఏలికి సిరా ఎట్లచ్చింది?"

"సిరా కాదే గది, జీడి రసం. నాలుగొద్దులాయె గింజలు ఏరవట్టి. జర మంచిగ చూడు, పొక్కులు లేసినై."

పెద్దసారు తన కుర్చీలోంచి ఏమైందని మరాఠీలో అడిగాడు. అప్పుడు నేను రెండు పనులు చేశాను. ఆ రెండే నా తప్పు. మిగతావన్నీ పొరపాట్లు.

మొదటిది చేత్తో చేశాను. ఆమె బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మధ్యవేలినీ మిగతా రెండింటినీ నా పిడికిట్లోకి తీసుకుని, చూపుడువేలు ఒక్కటే బయటికి కనబడేలా పట్టుకున్నాను. మెత్తగానే పట్టుకున్నాను. ఆమెకు నొప్పి తెలిసి ఉండదు. రెండోది నాలుకతో చేశాను. పెద్దసారుకు మరాఠీలో చెప్పాను: ఈమె పేరు కింద గీత ఉంది, వేలికి సిరా ఉంది, ఎట్లా వచ్చిందో తనకు తెలియదంటోంది. జీడి అన్న మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన వంగి మళ్ళీ చూసేవాడు. దూరపు జిల్లా అయినా ఆ గింజ తెలియని మనిషి మహారాష్ట్రలో ఉండడు. మరాఠీలోనూ దానికి ఒక పేరుంది, నాకది వచ్చు.

ఆయన లేచి వచ్చాడు. నేను చూపిన వేలు చూశాడు. గీత చూశాడు. తల అడ్డంగా ఊపాడు. కోపం కూడా చేయలేదు. రెండుసార్లు ఓటేయడం నేరమని, కేసవుతుందని, పెద్దమనిషి కాబట్టి వదిలేస్తున్నానని చెప్పమన్నాడు. ఆ మాటలను మాత్రం నేను ఒక్కటీ వదలకుండా తెలుగులో చెప్పాను.

"కేసయితదట అవ్వా. పెద్దమనిషివని ఇడిసిపెడుతుండు సారు. ఇగ పో."

బుచ్చక్క ఆయన వైపు చూడలేదు. నన్నే చూసింది. చేయి ఇంకా నా చేతిలోనే ఉంది.

"నువ్వు సిరోంచ గాజుల సాయబు బిడ్డవు గదా? చిన్నగున్నప్పుడు మా వాకిట్ల కూసుండి నా చేతికి గాజులేసినవు. నీకు ఎరకలేదా బిడ్డా జీడి మరక?"

"ఎరకలేదవ్వా" అన్నాను.

బెంచీ మీది ఏజెంటు ఆ ఊరివాడే. జీడి చెట్ల కింద పెరిగినవాడే. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. బుచ్చక్క చేయి వెనక్కి తీసుకుంది. తలుపు దాటి బయటికి వెళ్ళింది. వాడు కూడా లేచి ఆమె వెనకే వెళ్ళాడు. గేటు దగ్గర అందరికీ వినబడేలా వాడి గొంతు లేచింది.

"పొద్దుగాల్నే వచ్చి ఏసి పోయిందట! మల్ల కోడలి ముంగట ఏసం కట్టింది!"

సరోజ ఏమందో నాకు వినబడలేదు. "తర్వాత ఎవరు?" అని పిలిచాను.

ఆ మొదటి నిమిషాన్ని నేను క్షమించుకోగలను అనుకుంటాను ఒక్కోసారి. భయం. అలసట. చలి. ఎవరికైనా జరగొచ్చు. కానీ మా వైపు ఓటింగు మూడింటికి ముగుస్తుంది, ఇంకా దాదాపు రెండు గంటలు ఉంది. మనిషిని పంపి పిలిపిస్తే పది నిమిషాల్లో వచ్చేది. ఆ రెండు గంటలూ నేను ఏం చేశాను? ఇరవై మందో, ముప్ఫై మందో వచ్చారు. ప్రతి పేరు కిందా గీత నిక్కచ్చిగా గీశాను. ఒక్క వరుస తప్పలేదు. పెట్టెకు సీలు వేస్తున్నప్పుడు పెద్దసారు నా పనిని మెచ్చుకున్నాడు. థ్యాంక్యూ సార్ అన్నాను. ఆ రెండు గంటలకు నా దగ్గర ఏ పేరూ లేదు.

లెక్కింపు రోజున ఆ వార్డులో ఇద్దరికీ సమానంగా ఓట్లు వచ్చాయి. అప్పుడు చిట్టీలు వేస్తారు. చిట్టీలో అన్న బిడ్డ పేరు వచ్చింది. సిరోంచ బస్టాండులో ఎవరో ఈ సంగతి నవ్వుతూ చెప్పుకుంటుంటే విన్నాను. ఒక్క ఓటు, అంటున్నారు, ఒక్కటంటే ఒక్క ఓటు ఎక్కువ పడితే సరోజ గెలిచేదట. అత్తే ముంచిందట. పొద్దున్నే చాటుగా వచ్చి పుట్టింటికి వేసి, మధ్యాహ్నం కోడలి కళ్ళ ముందు మళ్ళీ వేయబోయి దొరికిపోయిందట. విన్నవాళ్ళంతా ముసలిదానికి ఎంత తెలివి అని ముక్కున వేలేసుకున్నారు. నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏటపల్లి దాకా నిద్రపోయాను.

ఎండాకాలం సెలవులయ్యాక నాకు సిరోంచకు బదిలీ వచ్చింది. ఎన్నికల పని వల్లే వచ్చిందో, ఊరికే నా వంతు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కాగితం చూసి సంతోషించాను. ఆ మాట దాచి ప్రయోజనం లేదు. చాలా సంతోషించాను. పాప మెల్లగా నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మొదటిసారి నా పక్కలో పడుకున్న రోజున, బుచ్చక్కను వాళ్ళింట్లోవాళ్ళు ఇట్లా దగ్గరికి రానివ్వడం మానేసి ఉంటారా అన్న ఆలోచన ఒకటి వచ్చి పోయింది. దుప్పటి మీదికి లాక్కున్నాను.

నాలుగేళ్ళ తర్వాత సరోజ తన కూతుర్ని మా బడిలో చేర్చడానికి తీసుకొచ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు. ఆ రోజు ఆమె గేటు బయటే ఉంది కదా. ఇంట్లో ఎవరెవరుంటారని మామూలుగా అడిగాను. అత్త ఉంటదని, ఒకే వాకిలి గానీ పొయ్యి వేరని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. ఆమే చెప్పింది. అత్త తనను నలుగురిలో నవ్వులపాలు చేసిందని, అప్పటి నుంచి ఆమె చేతి నీళ్ళు కూడా ముట్టనని. ఆమె మాటల్లో కోపం లేదు, కోపం ఎప్పుడో ఎండిపోయింది. నేను రిజిస్టర్లో పిల్ల పేరు రాశాను, పుట్టిన తేదీ రాశాను, ఇక్కడ సంతకం పెట్టమ్మా అన్నాను. అప్పుడు చెప్పాల్సింది. మొదటి తప్పుకు భయం అని పేరు పెట్టుకున్నాను. దీనికి? ఇప్పుడు చెప్తే ఉద్యోగం పోతుందా అని ఆలోచించాను. పోదు. ఎవరూ ఏమీ చేయరు. అయినా చెప్పలేదు. బహుశా నా గురించి మంచిగా అనుకునే మనిషి ఒకరు తగ్గుతారని. అంత చిన్న కారణం.

మొన్న చలికాలం మళ్ళీ ఎన్నికల శిక్షణకు పిలుపొచ్చింది. మోకాళ్ళ నొప్పులని కాగితం రాసిచ్చి తప్పించుకున్నాను. నొప్పులు నిజమే, కారణం అది కాదు. ఆ మర్నాడు ఆదివారం. మా ఆయనకు కూడా చెప్పకుండా ఆ ఊరికి బస్సెక్కాను. దారంతా మాటలు వరస పెట్టుకున్నాను. ఎన్నిసార్లు పెట్టుకున్నా మొదటి మాట దగ్గరే ఆగిపోయేది.

బుచ్చక్క ఎండలో కూర్చుని చాటలో కందులు బాగుచేస్తోంది. చాలా ముసలిదైపోయింది. సరోజ అదే వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఒకే పొయ్యి కనబడింది. ఇద్దరూ కలిసిపోయారన్నమాట. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, చెప్పకుండానే వెనక్కి తిరిగిపోదామా అనుకున్నాను. సరోజ నన్ను చూసి టీచరమ్మ వచ్చిందని పీట వేసింది. కూర్చున్నాను. అంతా చెప్పాను. గీత జారడం, వేళ్ళు దాచడం, మరాఠీలో నేను మింగేసిన మాట, ఎరకలేదన్న మాట. ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళు నన్ను ఊరుకోబెట్టాల్సి వస్తుందని గట్టిగా పట్టుకున్నాను.

బుచ్చక్క చాట చెరుగుతూనే విన్నది.

"ఏసిన కావచ్చు బిడ్డా" అంది.

"లేదవ్వా. నువ్వు ఎయ్యలే. నేనే అబద్దమాడిన."

"అందరన్నరు గదనే. సారు సుత అన్నడు. కాయిదంల గీత సుత ఉండెనట. ముందుగాల్ల ఎయ్యలే, ఎయ్యలే అని నేను సుత మస్తు లొల్లి పెట్టిన. ఎన్నొద్దులని పెట్టాలె? ఇగ ఏసిననే కావచ్చు. అన్న బిడ్డ మీద పానం గుంజిందో ఏమో. నాకేం యాదికున్నది?" ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "మొన్న వానకాలం జరమొచ్చి పడ్డ. సచ్చేటట్టే ఉన్న. గప్పుడే సరోజ కాళ్ళు వట్టుకున్న. తప్పయింది, మాఫ్ చెయ్యి బిడ్డా అన్న. మంచిది, చేసింది. గప్పటిసంది మల్ల ఒక్కటే పొయ్యి."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

సరోజ చేతికి బూడిద అట్లాగే ఉంది. లేచి నిలబడింది. ఎప్పుడో ఎండిపోయిందనుకున్న కోపం ఆమె మొహంలో మళ్ళీ కనబడింది. ఈసారి అత్త మీద కాదు. నా ఒక్కదాని మీదా కాదు.

"మా అత్తతోని నా కాళ్ళు వట్టిచ్చుకున్న టీచరమ్మా నేను. వద్దు అని సుత అనలే. ఇప్పుడొచ్చి చెప్తున్నవా?"

ఆమె ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. గడియ పెట్టలేదు. బుచ్చక్క అటు చూసింది, నా వైపు చూసింది, దీనికేమైందో అన్నట్టు. చాయ్ తాగి పొమ్మంది. ఉండమ్మా, పెడతా అని లేవబోయింది. వద్దవ్వా అన్నాను. ఆమె మోకాలు ముట్టుకున్నాను, క్షమించమని అడగాలని. అడగలేకపోయాను. ఆమెకు నేను చేసినదేమిటో ఆమెకే తెలియదు. తెలియని మనిషి క్షమిస్తే దాన్ని తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఈసారి నిద్ర పట్టలేదు. చెప్పినందుకు మంచి చేశానా, చెడు చేశానా? ఒక అబద్ధం మీదనే అయినా వాళ్ళిద్దరూ కలిసిపోయారు. ఆ ముసలామె చేయని తప్పుకు కాళ్ళు పట్టుకుని క్షమాపణ తెచ్చుకుంది. నేను వెళ్ళి, నా బరువులో కొంత ఆ కోడలి నెత్తిన పెట్టి వచ్చాను. చెప్పకపోయినా తప్పే, చెప్పినా తప్పే అయ్యేంత ఆలస్యం చేసింది మాత్రం నేనే. ఇందులో పాపకు, పెద్దసారుకు, చలికి, బెంచీ మీద కూర్చున్న ఆ మనిషికి వాటా పంచలేను. పంచి చూశాను. చివరికి అంతా నా దగ్గరికే తిరిగొస్తుంది.

సరోజ తలుపు తీసిందో లేదో నాకు తెలియదు. అత్తతో ఏమన్నదో తెలియదు. తెలుసుకోవడానికి మళ్ళీ వెళ్ళను. ఆ హక్కు నాకు లేదనిపిస్తుంది.

ఇది రాశాక ఏదో తీరిపోతుందని అనుకోలేదు. కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతవరకే. మీరు నన్ను క్షమించవద్దు, ఆ పని మీది కాదు. నాకు ఒక్క మాట సాయం చేయండి. ఊరు నమ్మలేదు. కోడలు నమ్మడానికి పదమూడేళ్ళు పట్టింది. చివరికి బుచ్చక్క కూడా తనను తాను నమ్మడం మానేసింది. మీరైనా నమ్మండి. బుచ్చక్క ఆ రోజు ఓటు వేయలేదు. కోడలికి వేద్దామనే వచ్చింది. నేను వేయనివ్వలేదు.